చోటు చూపించిన పిల్ల

పుట్టగొడుగు కనిపిస్తే కేక వెయ్యకూడదు, వేలెత్తి చూపించకూడదు. చీపురుపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఈ సంగతి ముక్కు చీదుకోవడం రాని పిల్లలకి కూడా తెలుసు. ధనరాజ్‌కి మాత్రం తెలియదు. సముద్రపు ఒడ్డున పుట్టినవాడికి తెలియకపోవడం తప్పేమీ కాదు గానీ, ఆ ఆదివారం అతను వేసిన కేకకి జీడితోటలో కాకులన్నీ లేచిపోయాయి.

"ఓలమ్మో! ఇక్కడున్నాయి! బేగి రండర్రా!"

అరిచి ఊరుకున్నాడా? చెయ్యి బారచాపి వేలు కూడా పెట్టాడు. ఆ వేలు మీద ఫట్‌మని దెబ్బ పడింది.

"దించు. ముందు ఆ ఏలు దించు."

తిరిగి చూశాడు. వానకి తడిసిన జడ ముందుకి వేసుకొని, చేతిలో వేపమండతో ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"ఏటి, కొడతావేటి?"

"ఏలు సూపితే కుళ్లిపోతాయి."

"నా ఏళ్లా?"

"పుట్టగొడుగులు! నీ ఏళ్లు కుళ్లితే నాకేటి?"

ఆ అమ్మాయి పేరు రాజకుమారి. పేరుకి రాజకుమారే గానీ, చీపురుపల్లి దగ్గర పల్లెలో వరి పండించుకునే నరసింగరావు కూతురు. తల్లి చిన్నప్పుడే పోతే నాన్న తల్లి పెంచింది. ఆమె పేరు చిన్నతల్లి, రాజకుమారికి మామ్మ. మామ్మ పెంపకంలో మాట తక్కువ, కడుపులో దాచుకోవడం ఎక్కువ.

అది రెండువేల పదహారు శ్రావణమాసం. విజయనగరంలో డిగ్రీ రెండో ఏడు చదివే పిల్లల్ని, బోటనీ చెప్పే ఉమాశంకర్ మాస్టారు ఆదివారాలు బయటికి తిప్పేవారు. వానల్లో కొండవాలు, జీడితోటలు. చలికాలంలో సముద్రపు రాళ్లు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. చూడండి, ఫోటో తీసుకోండి, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేసి రండి.

"పేరేటన్నావు?" ధనరాజ్ వేలు ఊదుకుంటూ అడిగాడు.

"రాజకుమారి."

"ఓహో. మరి కోటేదీ?"

"కోట లేదు గానీ ఈ మండ ఉన్నాది. మళ్లీ ఏలెత్తు, సూపిస్తాను."

ఇంతలో మాస్టారు పిలిచారు. వెదురు పొద మొదట్లో, కుళ్లిన ఆకుల్లోంచి ఒక తెల్లటి పుట్టగొడుగు లేచి ఉంది. దాని టోపీ అంచు నించి సన్నటి వల ఒకటి పరికిణీలా నేల దాకా దిగింది. చూడ్డానికి అంత బాగుందా, వాసన మాత్రం చచ్చిన ఎలుకది. ఆడపిల్లలు చున్నీలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ధనరాజ్ మోకాళ్ల మీద కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకొని మరీ చూశాడు.

"మాస్టారూ, ఈ వల ఎవులు అల్లినారండి? ఒక్క కన్ను కూడా తప్పుపోలేదు. మా అయ్య సూస్తే సిగ్గుతో వల కట్టడం మానేస్తాడు."

"ముట్టుకోకు. మధ్యాహ్నానికి దానంతట అదే పడిపోతుంది."

"ఒక్క పూట కోసం ఇంత పనేటండి?" అన్నాడు. ఈసారి గొంతు బాగా తగ్గిపోయింది.

రాజకుమారికి ఆ తగ్గిన గొంతు నచ్చింది. వెనక్కి కట్టుకున్న ఆ చేతుల్లో ఒక వేలు ఇంకా ఎర్రగా ఉండడం చూసి కాస్త జాలి కూడా వేసింది. దిగి వచ్చేటప్పుడు పక్కకి చేరి, "నొప్పెడతన్నాదేటి?" అంది.

"కుళ్లిపోతన్నాది" అన్నాడు ధనరాజ్ ఏడుపు మొహం పెట్టి.

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

సంక్రాంతి సెలవులు అయిపోయాక వచ్చిన అమావాస్యకి మాస్టారు అందర్నీ రాళ్లరేవు తీసుకెళ్లారు. అది ధనరాజ్ వాళ్ల ఊరు. పాటు బాగా తీసిన పొద్దున్న అక్కడ సముద్రం ఎంతో దూరం వెనక్కి పోయి, నల్లటి రాళ్లు, వాటి మధ్య గుంటల్లో నిలిచిన నీళ్లు బయటపడతాయి. ఒక్కో గుంట ఒక్కో ఊరు. గోడకి అంటుకున్న ఎర్రటి పువ్వులాంటి జీవి వేలు తగలగానే రేకులన్నీ ముడుచుకుంటుంది. ఖాళీ శంఖంలో కాపురమున్న పీత, దానికంటే పెద్ద శంఖం దొరికితే పాతది అక్కడే వదిలి కొత్తదాంట్లో దూరుతుంది. మెత్తటి నత్తలాంటిది ఒకటి, భయపడితే ఊదారంగు చిమ్ముతుంది.

రాజకుమారికి సముద్రం దగ్గరగా చూడడమే కొత్త. ఒక రాయి తిరగేసింది. కింద బొటనవేలంత ఆక్టోపస్ పిల్ల రంగు మార్చుకొని పారిపోయింది. కెవ్వుమని అరిచి, రాయి అక్కడే పడేసి ఇంకో గుంట దగ్గరికి పరుగెత్తింది. వెనక నించి కేక వచ్చింది.

"ఓయ్ రాజకుమారీ! ఇల్లు తిరగేసి ఎలిపోతావేటి?"

ధనరాజ్ ఆ రాయి దగ్గరే కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో దాన్ని ఎత్తి, ముందెలా ఉందో అలాగే, నాచు పైకి వచ్చేలా, కింద ఏదీ నలగకుండా నెమ్మదిగా దింపాడు.

"నాకు తెల్దు" అంది సిగ్గుపడి.

"కొట్టమంటావేటి? బాకీ ఉన్నాది" అన్నాడు. కొట్టలేదు. తడిసిన ఆమె చేతిలో ఒక పీత పిల్లని పెట్టి, అది నడుస్తుంటే ఆమె మొహం వంకే చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడే ఎత్తయిన రాయి మీదున్న ముసలాయన గంగులు తువ్వాలు విప్పి గాలిలో ఊపాడు. "కవళ్లూ! కవళ్లొచ్చాయర్రా!" చేపల గుంపు వచ్చిందని ఊరంతా పరుగెత్తుకొచ్చింది. గుడిసెల్లోంచి ఆడవాళ్లు, చంటిపిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, ఎవరి పని వాళ్లు వదిలేసి వచ్చి పెద్దవల తాడు పట్టుకున్నారు. మాస్టారితో సహా కాలేజీ పిల్లలూ లాగారు. వల ఒడ్డుకి వచ్చాక తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా వచ్చింది. రాజకుమారి చున్నీలోనూ దోసెడు కవళ్లు పడ్డాయి.

"ముందు సూసినోడు సెప్పకుండా ఉండిపోతే, సేపంతా ఆడిదే కదా?" అని అడిగింది ధనరాజ్‌ని.

అతను ఆమెని వింతగా చూశాడు. "దాసుకున్నోడ్ని దొంగంటారు మా ఊల్లో. సేపని సూసి కేకెయ్యనోడికి పిల్లనివ్వరు."

ఇంతలో తాడు చుడుతున్న ఒకావిడ ఇటు తిరిగింది. ధనరాజ్ తల్లి లక్ష్మణమ్మ. "ఒరే, ఈ గుంటెవుల్రా?"

"అమ్మా! నన్ను కొట్టినాదని సెప్పానే, ఆ పిల్లే!" ఒడ్డు ఈ చివర నించి ఆ చివర దాకా వినిపించేలా అరిచాడు.

ఊరు ఊరంతా నవ్వింది. రాజకుమారికి భూమిలోకి దూరిపోవాలనిపించింది. "నమస్తే ఆంటీ" అని గొణిగి తల వంచుకుంది. లక్ష్మణమ్మ ఉప్పునీటి చేతులతోనే గడ్డం పట్టుకొని, "ఆంటీ ఏటమ్మా, ఇంగ్లీసు. ఇంటికి రా, పులుసు పోస్తాను" అంది.

ఆ రోజు నించి మాస్టారు తిప్పే బస్సులో వాళ్లిద్దరూ పక్కపక్కనే కూర్చునేవారు. ప్రేమ అన్న మాట ఎవరూ అనలేదు. అతను నోరు తెరిస్తే ఊరికి చాటుతాడని ఆమెకి భయం. ఆమె నోరు తెరిచి ఒక్క మాటైనా అంటుందని అతనికి ఆశ.

ఇక్కడ మామ్మ సంగతి చెప్పాలి. వాళ్ల పల్లెలో పుట్టగొడుగులు మొలిచే చోటు ఆస్తి లాంటిది. ఎవరింటి చోటు వాళ్లకే తెలుసు. కొడుక్కి చెబుతారు, ఇంటికొచ్చిన కోడలికి చెబుతారు. పెళ్లి చేసుకొని వెళ్లిపోయే కూతురికి చెప్పరు. కానీ ఆ ఇంట్లో కొడుకు నరసింగరావుకి పొలం తప్ప కొండ పట్టదు, కోడలు బతికి లేదు, మనవడు లేడు. అందుకని చిన్నతల్లి మనవరాలు పెద్దమనిషైన ఏడు ఆమెని వెంటబెట్టుకొని వెళ్లి, కొండ వెనక జీడితోట అంచున ఉన్న పుట్ట చూపించింది.

"ఒసే, ఇది ఇంటి మనిషికే సెప్పాల. నువ్వెవులికి సెప్తావో ఆడే ఈ ఇంటి అల్లుడు. ఆలోసించి సెప్పు" అంది.

రాజకుమారి ఆలోచించింది. మరుసటి ఏడు వానలు మొదలైనప్పటి నించి ఆలోచిస్తూనే ఉంది. రాత్రంతా ఉరుములు ఉరిమిన ఒక భాద్రపదం పొద్దున్న, ధనరాజ్‌కి ఫోన్ చేసి, "చీపురుపల్లిలో దిగు. ఎవర్నీ తేకు" అని పెట్టేసింది.

పుట్ట చుట్టూ తడిమట్టిని చీల్చుకొని లెక్కలేనన్ని పుట్టగొడుగులు లేచి ఉన్నాయి. కొన్ని ఇంకా మొగ్గలు, కొన్ని అరచేతంత విప్పారాయి. ధనరాజ్ అలవాటుగా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నోరు మాత్రం తెరుచుకునే ఉంది.

"ఇది మా మామ్మకీ నాకూ తప్ప ఎవులికీ తెల్దు" అంది రాజకుమారి.

"మరి నాకు?"

"ఇప్పుడు నీకూ తెలుసు."

అంతే అంది. అంతకంటే ఎలా చెప్పాలో ఆమెకి తెలియదు. కళ్లెత్తి అతని వంక చూసింది. ఆమె ఊళ్లో ఎంత మొద్దుకైనా ఆ మాటకి అర్థం తెలుస్తుంది.

"ఓలమ్మా! ఎంత మంచి సోటు సూపించినావు!" అన్నాడు ధనరాజ్. అతని కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. "నాకు సూపించినావు. నాకు!"

అర్థమైందనుకుంది ఆ పిచ్చిపిల్ల. టేకాకులో పుట్టగొడుగులు కట్టి ఇచ్చింది. అతను ఫోన్‌లో ఫోటోలు తీసుకుంటుంటే, దాచుకోవడానికి కాబోలనుకొని సంబరపడింది.

సాయంత్రం కాలేజీ గ్రూపులో ఫోటోలు వచ్చాయి. వాటి కింద లొకేషన్. దాని కింద ధనరాజ్ రాత. 'మన రాజకుమారి చూపించిన చోటు. ఇలాంటిది నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అందరూ రండి, అందరూ చూడండి.'

రాజకుమారి దాన్ని మళ్లీ మళ్లీ చదివింది. ఫోన్ చేసి తీసెయ్యమనవచ్చు. చెయ్యలేకపోయింది. చేస్తే ఎందుకని అడుగుతాడు, ఎందుకో చెప్పాలి. రాత్రంతా ఫోన్ గుండెల మీద పెట్టుకొని పడుకుంది.

గ్రూపులో పడ్డది గ్రూపులో ఆగదు కదా. తెల్లారేసరికి కాలేజీ పిల్లల కంటే ముందు, ఎవరో ఎవరికో పంపగా చూసినవాళ్లు బైకుల మీద వచ్చి పోయారు. లోపల ఇంకా ఉంటాయని గునపంతో పుట్టంతా తవ్వేశారు. పొద్దున్నే బుట్ట పట్టుకొని వెళ్లిన చిన్నతల్లికి చెదిరిన ఎర్రమట్టి, ఎండకి తెల్లబోయి తిరుగుతున్న చెదపురుగులు కనిపించాయి. చెదలు పోతే అక్కడ పుట్టగొడుగు ఇంక మొలవదు. ఆ సంగతి ముసలామెకీ తెలుసు, బోటనీ చదివిన మనవరాలికీ తెలుసు.

ముసలామె ఇంటికి వచ్చి గుమ్మంలో కూలబడింది.

"ఎవులికి సెప్పినావే?"

"నానెవులికీ సెప్పలేదు మామ్మా" అంది రాజకుమారి.

ఆ అబద్ధం నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకొని ఆమె చాలా రోజులు తనని తాను అసహ్యించుకుంది.

ధనరాజ్ సంగతి విని పరుగెత్తుకొచ్చాడు. కాలేజీ మెట్ల దగ్గర పట్టుకున్నాడు.

"సారీ. తవ్వుతారని నాకేటి తెలుసు? సూసి ఎలిపోతారనుకున్నాను."

"ఎందుకు సెప్పినావు?"

"మంచిది కనపడితే సెప్పరేటి? నువ్వు సూపించినావని సెప్పుకోవాలనిపించినాది. అందులో తప్పేటి?"

"నీకు అర్థం కాదు."

"అర్థమయ్యేలా సెప్పు మరి."

"సెప్పాల్సింది సెప్పీసినాను. ఆ పొద్దున్నే సెప్పీసినాను."

"ఏటి సెప్పినావు? పుట్టగొడుగులు సూపించినావు. నోరు ఇప్పి ఏటి సెప్పినావు?"

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ తరవాత ఆదివారాలు మాస్టారు పిలిచినా ఆమె వెళ్లలేదు. అతను రోజూ ఒక ఫోటో పంపేవాడు. గుంటలో పీత, కొయ్య మీద మొలిచిన ఎర్ర పుట్టగొడుగు. ఆమె ప్రతిదీ చూసేది, జవాబు పెట్టేది కాదు. అలాగే పరీక్షలు రాశారు, అలాగే కాలేజీ అయిపోయింది.

రాళ్లరేవు మగవాళ్లు ఏటా వానాకాలంలో గుజరాత్ వెళ్తారు. వీరావల్‌లో పెద్ద బోట్ల మీద చేపల వేట. ఒక ఊరివాళ్లంతా ఒక బోటు ఎక్కుతారు, ఒక ఇంటి నించి ఒక మనిషి. ధనరాజ్ తండ్రి నూకయ్యకి ఆ ఏడు నడుం పట్టేసి మంచం దిగలేకపోయాడు. ఆ ఇంటి చోటు ఖాళీగా ఉండకూడదు కాబట్టి కొడుకు వెళ్లాడు.

విజయనగరం స్టేషన్ నించి ఫోన్ చేశాడు. వెనక టీ అమ్మేవాడి కేకలు, సామాన్లు ఎక్కించే గోల.

"రాజకుమారీ, ఎల్తన్నాను. వేసవికి గానీ రాను."

"ఊఁ."

"ఒక్క మాట సెప్పీ. నువ్వు నాకు ఏటవుతావు? సెప్పావంటే వీరావల్ దాకా రైలంతా సెప్పుకుంటూ పోతాను."

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "అందుకే సెప్పను" అంది.

అతను పెద్దగా నవ్వాడు. "సరే. వచ్చాకే సెప్పు. నాను కేకెయ్యకుండా ఇంటాను. ఒట్టు." రైలు కూత వినిపించి ఫోన్ తెగిపోయింది.

వచ్చాక చెబుదామని ఆమె మనసులో వంద రకాలుగా అనుకుంది. అతను బోటు ఒడ్డుకి వచ్చినప్పుడల్లా ఫోన్ చేసేవాడు. పెళ్లయిన పడుచులా గోడవారకి వెళ్లి మాట్లాడేది. ఏం తిన్నావు, నిద్రపోతున్నావా, అంతవరకే. అసలు మాట వేసవికి దాచిపెట్టింది. దాచుకోవడం ఆమెకి చిన్నప్పటి నించి వచ్చిన విద్య.

ఈలోగా నరసింగరావు నెల్లిమర్లలో ఒక సంబంధం చూశాడు. మాఘంలో ముహూర్తం పెట్టుకుందామని మాటిచ్చి వచ్చాడు. ధనరాజ్ తిరిగొచ్చేలోపు తనకి పెళ్లైపోతుందని రాజకుమారికి తెలుసు. అయినా నాన్న ముందు నోరు పెగల్లేదు.

కళ్లంలో వరి నూరుస్తున్న రోజుల్లో ఉమాశంకర్ మాస్టారు ఫోన్ చేశారు.

"అమ్మా, టీవీ చూశావా? మన ధనరాజ్ వాళ్ల బోటు సముద్రంలో హద్దు దాటిందట. అవతలి దేశం వాళ్లు పట్టుకుపోయారు. బోటులో అందర్నీ జైల్లో పెట్టారట."

"ఎప్పుడు వదుల్తారండి?"

"ఎవరికీ తెలియదమ్మా. నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు."

ఆమె ఫోన్ కొంగున దోపుకొని మళ్లీ కళ్లంలోకి వెళ్లింది. పనల కట్టలు అందిస్తూనే ఉంది. పక్కనే నాన్న, కూలీలు, మామ్మ. ఏడిస్తే ఎందుకని అడుగుతారు. ధాన్యం దుమ్ము కళ్లలో పడిందనుకోవడానికి కూడా లేదు, ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి. రాత్రి అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచిపోయింది. మామ్మ నుదురు మీద చెయ్యి వేసి, "జొరం కూడా లేదు, ఏటయ్యిందే నీకు?" అంది.

రెండు రోజులు చూసి, మూడో పొద్దున్న సర్టిఫికెట్ పని ఉందని చెప్పి రాళ్లరేవు బస్సెక్కింది. ఏ మొహం పెట్టుకొని వెళ్తున్నానో ఆమెకే తెలియదు. అతనికి ఏమీ కాని తను అక్కడ ఎవరి ఇంటి ముందు నిలబడాలి? క్లాస్‌మేట్‌ని అని చెబుదామనుకుంది. దారంతా ఆ మాటే నోట్లో తిప్పుకుంటూ వెళ్లింది.

ఊళ్లోకి అడుగు పెట్టగానే చేపలు ఆరబెడుతున్న ఒకావిడ తలెత్తింది.

"ఓలప్పా! పుట్టగొడుగుల రాజకుమారివి కదేటి?"

రాజకుమారి నిలబడిపోయింది. పక్క గుమ్మంలోంచి ఇంకొకావిడ, దానమ్మ, బయటికి వచ్చింది. "ధనరాజ్ పెళ్లాం వచ్చినాదే!" అని లోపలికి కేకేసింది. ఆ వీధి ఆడవాళ్లంతా వచ్చి చుట్టూ మూగారు. ఒకామె ఆమె చెయ్యి పట్టుకొని ఏడ్చింది. ఎవరూ ఏమని అడగలేదు. లక్ష్మణమ్మ ఇంటి దాకా నడిపించుకుంటూ తీసుకెళ్లారు.

లక్ష్మణమ్మ నేల మీద కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది.

"వీళ్లందరికీ నాను ఎలా తెలుసు ఆంటీ?" అంది రాజకుమారి.

"తెలవకేటమ్మా? ఆడు ఊరంతా సెప్పుకున్నాడు కదా. మన రాళ్ల మీదకి మీరొచ్చినప్పటి నించీ ఇదే కత. కొట్టినా ఆ పిల్లే, తిట్టినా ఆ పిల్లే. ఆ పుట్టగొడుగులు ఆకులో కట్టి తెచ్చినాడు సూడు, వండనివ్వలేదు. ఇల్లిల్లూ తిరిగి సూపించినాడు. ఎవులికీ సూపించని సోటు నాకు సూపించినాది, ఇంక నన్నే సేసుకుంటాది అని."

"ఆ మాటన్నాడా?" రాజకుమారి గోడకి చేరబడిపోయింది. "అర్థమయ్యిందా ఆయనకి?"

"అర్థమవ్వకేటి? మరి నీ నోటంట ఒక్కసారి ఇనాలని ఉండేది ఆడికి. అదే బెంగ. ఎలిపోయినప్పుడు కూడా అదే అన్నాడు. అమ్మా, అది సెప్పదే, దానికి సెప్పడం రాదు, నానే అందరికీ సెప్పుకుంటాను అని."

అతను అందరికీ చాటింది ఆ చోటు ఒక్కటే కాదు. ఆమెని కూడా. ఈ ఊళ్లో చంటిపిల్లలకి కూడా ఆమె అతనికి ఏమవుతుందో తెలుసు. తన ఊళ్లో మాత్రం ఒక్క ప్రాణికీ తెలియదు. అతని పేరు ఆమె ఏ రోజూ, ఎవరి ముందూ పైకి అనలేదు. మామ్మ అడిగిన రోజున ఎవరికీ చెప్పలేదని అతన్ని లేకుండా చేసింది. ఇప్పుడు అతను ఎక్కడో గోడల మధ్య, ఆమె నోట ఒక్క మాట వినకుండా కూర్చుని ఉన్నాడు.

మర్నాడు బోటు వాళ్ల ఇళ్ల ఆడవాళ్లంతా విజయనగరం కలెక్టరాఫీసుకి వెళ్లారు. పని అవలేదని ముందు రాత్రే ఇంటికి ఫోన్ చేసి ఉండిపోయిన రాజకుమారి కూడా వాళ్లతోనే వెళ్లింది. గేటు ముందు రోడ్డు పక్కన తమ తమ మగవాళ్ల ఫోటోలు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు. టీవీ వాళ్లు వచ్చారు. కెమెరా ఒక్కొక్కరి దగ్గరికీ వస్తోంది.

"మీరు ఎవరి తాలూకండీ?"

"మా ఆయన."

"మీరు?"

"నా కొడుకు బాబూ, ఒక్కడే కొడుకు."

లక్ష్మణమ్మ రాజకుమారి చెవిలో అంది. "అమ్మీ, నువ్వు ఎనక్కి జరిగిపో. టీవీలో పడితే మీవోళ్లు సూస్తారు. సంబంధం కుదిరినాదన్నావు. నీ బతుకు పాడుసేసుకోకు. మావాడు ఎప్పుడొస్తాడో, ఏటో."

రాజకుమారి ఫోన్‌లో టైము చూసింది. ఈ వేళప్పుడు ఇంట్లో నాన్న అన్నం తింటూ వార్తలు చూస్తాడు. ఎదురుగా గుమ్మంలో మామ్మ కూర్చుంటుంది. వెనక్కి రెండడుగులు వేస్తే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు. కెమెరా లక్ష్మణమ్మ మీంచి ఆమె మీదకి తిరిగింది.

"మీరెవరి తాలూకండీ?"

"ధనరాజ్ తాలూకు."

"చెల్లెలా?"

"కాదు." ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. "నాను ధనరాజ్‌ని పెళ్లి సేసుకోబోయేదాన్ని. నా పేరు రాజకుమారి. మాది చీపురుపల్లి దగ్గర. మా నాన్న పేరు నరసింగరావు."

విలేకరి తలూపి మైకు తీసుకోబోయాడు. ఆమె ఆ మైకుని చేత్తో పట్టుకుంది.

"ఇంకో మాటండీ. ఈ సంగతి ఆయనకింకా సెప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా సెప్పలేదు. అక్కడ టీవీ ఉంటే, ఎవులైనా ఈ మాట ఆయనకి ఇనిపించండి. నాను సెప్పినానని సెప్పండి."

ఆ పక్కన కూర్చున్న ఆడవాళ్లు ఒక్కసారిగా కొంగులు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. లక్ష్మణమ్మ మాత్రం కళ్లార్పకుండా ఆమెనే చూసింది.

"ఇంత గట్టిగా అనగలవని ఆడికి తెల్దమ్మా" అంది.

గంట గడవక ముందే ఫోన్ మోగింది. నాన్న. రాజకుమారి ఎత్తింది. అవతల నరసింగరావు, "అమ్మా, నువ్వే అడుగు" అనడం వినిపించింది. తరవాత ఫోన్ చేతులు మారింది.

"ఒసే, టీవీలో నువ్వేనా?" అంది చిన్నతల్లి.

"నానే మామ్మా."

"సోటు సెప్పింది ఆ కుర్రోడికేనా?"

"అవును మామ్మా. ఆ రోజు నీకు అబద్ధం సెప్పినాను."

అవతల నాన్న ఏదో అనబోతే, "నువ్వుండరా" అని మామ్మ కసరడం వినిపించింది.

"ఎప్పుడొదుల్తారంటన్నారే?"

"ఎవులికీ తెల్దు. ఏళ్లు పట్టినా పడతాదంట."

"ఆళ్లమ్మ ఎక్కడున్నాది?"

"నా పక్కనే ఉన్నాది మామ్మా. మూడు రోజులై ఏటీ తినలేదు."

"అయితే నువ్వు ఒక్కర్తివీ రాకు" అంది ముసలామె. "ఆయమ్మని ఎంటబెట్టుకొని రా. అన్నం వండి ఉంచుతాను."

రాజకుమారి ఫోన్ దించింది. లక్ష్మణమ్మ ఏమైందన్నట్టు చూసింది.

"అత్తా, లే. మనింటికి ఎల్దాం" అంది. ఆ మాట పూర్తయీ కాకముందే కళ్లంలో రాని ఏడుపు, ఇన్నాళ్లూ గోడవారన మింగిన ఏడుపు అంతా ఒక్కసారి బయటికి వచ్చేసింది. నడిరోడ్డు మీద, వచ్చేపోయేవాళ్లు ఆగి చూస్తుండగా, ఆమె ధనరాజ్‌ని పేరు పెట్టి పిలుస్తూ గొంతెత్తి ఏడ్చింది.